గ్రాండ్ స్ట్రాటజీ గేమ్‌లో చరిత్ర ఎంత నిజమో తేల్చుకునే పద్ధతి

చరిత్ర మీద గ్రాండ్ స్ట్రాటజీ గేమ్, అంటే మ్యాప్ మీద ఒక దేశాన్నో వంశాన్నో ఏళ్ల తరబడి నడిపే గేమ్, ఏది విడుదలైనా ముందు మొదలయ్యే గొడవ జెండాల గురించి, సరిహద్దుల గురించే. ఫలానా కోట ఆ ఏడాది ఆ రాజు చేతిలో లేదు, ఆ రాణి పేరు తప్పు, ఆ సైనికులు పెట్టుకున్న టోపీ యాభై ఏళ్ల తర్వాత వచ్చింది అంటూ పెద్ద పెద్ద జాబితాలు తయారవుతాయి. అవి సరిచేయాల్సిన తప్పులే, చాలావరకు తర్వాతి ప్యాచ్‌లలో (గేమ్‌కు వచ్చే సవరణల్లో) సరిచేస్తారు కూడా. కానీ గేమ్ చెప్పే చరిత్రను ఎంతవరకు నమ్మొచ్చో అక్కడ తేలదు. గేమ్ దేన్ని లెక్కపెడుతోంది, దేన్ని వదిలేసింది, ఏ పనిని చవగ్గా చేయనిస్తోంది, ఏ సమాచారాన్ని అడగకుండానే చేతిలో పెడుతోంది అన్నది చూస్తే తేలుతుంది.

నా ఉద్యోగం భూముల కొలతలు, రికార్డులతో. ఒక పొలం ఎవరిది, విస్తీర్ణం ఎంత, శిస్తు ఎంత అన్న మూడు ముక్కలు కాగితం మీదికి రావడానికి ఎంతమంది ఎన్నాళ్లు తిరగాలో రోజూ చూస్తుంటాను. అందుకే యూరోపా యూనివర్సాలిస్ 4లో ఒక ప్రావిన్స్ మీద క్లిక్ చేయగానే దాని పన్ను ఆదాయం దశాంశాలతో సహా కనిపిస్తే నా చూపు అక్కడే ఆగిపోతుంది. ఈ గేమ్‌లంటే నాకు చాలా ఇష్టం. ఆ ఇష్టం వల్లే అవి ఏం చెబుతున్నాయో పట్టించుకుంటాను, ఎదురు ప్రశ్న వేస్తాను. ఉదాహరణలన్నీ స్వీడన్ కంపెనీ పారడాక్స్ గేమ్‌ల నుంచి తీసుకున్నాను. ఈ రకం గేమ్‌లు ఆడేవాళ్లలో ఎక్కువమందికి తెలిసినవి అవే. పైగా వాటి లోపలి ఫైళ్లను ఎవరైనా తెరిచి చదవొచ్చు.

ముందు ఒక ప్రాంతం ఎంచుకోండి

ప్రపంచం మొత్తాన్ని పరీక్షించడం ఎవరి వల్లా కాదు. మీకు బాగా తెలిసిన ఒక ప్రాంతం, ఒక వందేళ్ల కాలం చాలు. దాని గురించి ఒక మంచి చరిత్ర పుస్తకమైనా చదివి ఉండాలి. రాజుల వరస, యుద్ధాల తేదీలు కంఠస్థం కానక్కర్లేదు. ఆ రాజ్యానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చేది, సైన్యాన్ని ఎవరు పోగుచేసేవారు, రాజు చనిపోతే ఏం జరిగేది అన్న మూడు సంగతులు తెలిసుండాలి. నేను దక్కను ఎంచుకున్నాను. బహమనీ రాజ్యం, విజయనగరం రెండూ గేమ్ మొదట్లోనే ఉంటాయి, తర్వాత వాటికి ఏం జరిగిందో పుస్తకాల్లో వివరంగా ఉంది.

యూరోపా 4 మొదలయ్యేది 1444 నవంబర్ 11న. అంతకు ముందురోజే వర్నా యుద్ధంలో ఒట్టోమన్ల చేతిలో పోలండ్, హంగరీల రాజు మూడో వ్లాదిస్లావ్ చనిపోయాడు. తేదీని అలా ఎంచుకోవడంలో చాలా ఆలోచన ఉంది. బాల్కన్లలో పైచేయి ఎవరిదో, తూర్పు యూరప్‌లో ఏ సింహాసనం ఖాళీ అయిందో మొదటి చూపులోనే అర్థమవుతుంది. అయితే గేమ్ చరిత్రకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది ఆ ఒక్క రోజే. మర్నాటి నుంచి నడిపించేవి నియమాలు. కాబట్టి రెండు ప్రశ్నల్ని విడివిడిగా పెట్టుకోండి. మొదటి రోజు మ్యాప్ సరిగ్గా ఉందా? ఆ తర్వాత నియమాలు ఇచ్చే ఫలితాలు నమ్మదగ్గవా? గొడవలన్నీ మొదటి ప్రశ్న చుట్టూ జరుగుతాయి. మీరు గేమ్‌తో గడిపే వందల గంటలు మాత్రం రెండోదాని మీదే ఆధారపడి ఉంటాయి.

మీ చెయ్యి పడకుండా గేమ్‌ను నడవనివ్వండి

ఐరన్‌మ్యాన్ (కన్సోల్ వాడనివ్వని కఠినమైన సెట్టింగ్) లేకుండా కొత్త ఆట మొదలుపెట్టండి. కీబోర్డు మీద 1 అంకెకు ఎడమపక్కన ఉండే కీ నొక్కితే కన్సోల్, అంటే గేమ్‌కు ఆజ్ఞలు టైప్ చేసే పెట్టె, తెరుచుకుంటుంది. యూరోపా 4 అయితే స్పెక్టేటర్ అని, రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 అయితే అబ్జర్వ్ అని ఇంగ్లిషు అక్షరాల్లో టైప్ చేయండి. ఇక మీ చేతిలో ఏ దేశమూ ఉండదు, అన్నిటినీ ఏఐ నడుపుతుంది. మధ్యయుగపు రాజవంశాల గేమ్ క్రూసేడర్ కింగ్స్ 3కి, 19వ శతాబ్దం మీద వచ్చిన విక్టోరియా 3కి ముందుగా లాంచ్ ఆప్షన్లలో డీబగ్ మోడ్ పెట్టుకోవాలి. వేగం పూర్తిగా పెంచి, యాభై ఏళ్లకొకసారి మ్యాప్‌ను స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

1453లో కాన్‌స్టాంటినోపుల్ పడిందా లేదా అని చూడటం వల్ల లాభం లేదు. ఒక సంఘటన జరిగినా, జరగకపోయినా దాన్నిబట్టి తేలేది తక్కువ. జరిగేవాటి తీరు చూడాలి. పెద్ద రాజ్యాలు ఎంతకాలం నిలుస్తున్నాయి, విడిపోతే ఎలా విడిపోతున్నాయి, చిన్నవి ఎవరి అండతో బతుకుతున్నాయి? నేను నడిపిన ఆటల్లో తరచూ కనిపించేది ఒకటే: పెద్దది ఇంకా పెద్దదవుతుంది. ఆటగాళ్లు దీన్నే స్నోబాల్ అంటారు.

దక్కను చరిత్ర దీనికి తలకిందులుగా నడిచింది. బహమనీ రాజ్యం బయటి శత్రువు దెబ్బకు కూలలేదు. దాని కింద తరఫ్‌లను (రాష్ట్రాలను) ఏలుతున్న పెద్ద అధికారులే 15వ శతాబ్దం చివర్లో, 16వ శతాబ్దం మొదట్లో ఒక్కొక్కరుగా స్వతంత్రులయ్యారు. బీజాపూర్, అహ్మద్‌నగర్, బీరార్, బీదర్, గోల్కొండ అలా పుట్టాయి. కొన్నాళ్లు సుల్తాను పేరుకు సింహాసనం మీదే ఉన్నాడు, అధికారం మాత్రం చేతులు మారింది. యూరోపా 4 నియమాల్లో ఆ తరఫ్‌దారు లాంటి మనిషికి చోటు లేదు. ప్రావిన్స్ ఉంటుంది, దానికి అశాంతి అనే అంకె ఉంటుంది. ఆ అంకె పెరిగితే తిరుగుబాటుదారులు లేస్తారు, ఓడిపోతే మాయమవుతారు. మీరు పంపిన అధికారే మీ సైన్యంతో, మీ శిస్తు డబ్బుతో మీకు పోటీగా నిలబడటం ఈ నియమాల్లోంచి దానంతట అది పుట్టదు. ఎవరో కూర్చుని దానికోసం ప్రత్యేకంగా ఒక ఈవెంట్ (ముందే రాసిపెట్టిన సంఘటన) రాయాలి. గేమ్‌ను పరీక్షించేటప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకునే తేడా ఇది: ఫలితం నియమాల్లోంచి వచ్చిందా, లేక ముందే తెలిసిన జవాబును ఈవెంట్‌గా అతికించారా?

దీన్ని చూడటానికి మంచి ప్రయోగం ఒకటుంది. యూరోపా 4 మొదలుపెట్టే ముందు లక్కీ నేషన్స్ అనే సెట్టింగ్ కనిపిస్తుంది. దాన్ని హిస్టారికల్ అని ఉంచితే, చరిత్రలో నెగ్గిన ఒట్టోమన్లు, ఫ్రాన్స్, ఇంగ్లండ్, మస్కొవీ (తర్వాత రష్యా అయినది) వంటి దేశాలు ఏఐ చేతిలో ఉన్నప్పుడు వాటికి అదనపు బలం దొరుకుతుంది. ఒకసారి అది ఉంచి, ఒకసారి తీసేసి నడపండి. రెండు రకాలుగానూ ఒకటి కన్నా ఎక్కువ ఆటలు చూడండి. ఒక్క ఆటలో ఏదైనా జరగొచ్చు. లక్ తీసేసిన ప్రతిసారీ మస్కొవీ చతికిలబడుతుంటే, రష్యా ఎందుకు ఎదిగిందో ఆ నియమాలకు తెలియదని అర్థం. హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4లో హిస్టారికల్ ఫోకస్ సెట్టింగ్ చేసేదీ ఇంచుమించు ఇదే. అది తీసేస్తే ఏఐ దేశాలు ఫోకస్ ట్రీలో (ఒక్కో దేశం ఎంచుకోగల లక్ష్యాల పట్టికలో) వేరే దారులు పడతాయి.

ఇంతకీ గేమ్‌లో మీరెవరు?

ఒక కాగితం మీద దీనికి జవాబు రాయండి. క్రూసేడర్ కింగ్స్‌లో మీరు ఒక వంశం. ఉన్న మనిషి చనిపోతే వారసుడిగా కొనసాగుతారు. హార్ట్స్ ఆఫ్ ఐరన్‌లో యుద్ధం నడిపే అధికారమంతా మీరే. యూరోపా 4లో మాత్రం 1444 నుంచి 1821 దాకా చావులేని రాజ్యం మీరు. రాజులు వస్తారు, పోతారు. వాళ్ల వల్ల మీకొచ్చేవి పాలన, దౌత్యం, సైన్యం అనే మూడు రకాల పాయింట్లు. మీ ఉద్దేశం మాత్రం మారదు. మొదటి ఏడాది వేసిన పథకం రెండు వందల ఏళ్ల తర్వాత పూర్తిచేయొచ్చు.

విజయనగరాన్ని సంగమ, సాళువ, తుళువ, ఆరవీటి వంశాలు నాలుగూ ఏలాయి. ఒక వంశం నుంచి ఇంకో వంశానికి అధికారం మారినప్పుడల్లా సైన్యాధిపతులు, నాయకులు కొందరు గద్దెనెక్కారు, కొందరు ఖైదయ్యారు, కొందరు చచ్చిపోయారు. గేమ్‌లో అదంతా ఒకే రంగు, ఒకే పేరు. ఎవరు ఏలినా రాజ్యానికి ఒకే ప్రయోజనం ఉంటుందని, దాన్ని సాధించడమే చరిత్ర అని ఆటగాడికి తెలియకుండానే అలవాటవుతుంది. నాకు దీని మీద పెద్ద అభ్యంతరం ఉంది. 1565 తళ్లికోట యుద్ధాన్ని అలాంటి ఒకే బుద్ధి ఉన్న రాజ్యాల మధ్య లెక్కగా చూస్తే, దక్కను సుల్తానుల మధ్య దశాబ్దాల పాటు మారుతూ వచ్చిన పొత్తులు, వాటిలో అళియ రామరాయలు ఒకసారి ఒకరి పక్షాన, ఇంకోసారి ఇంకొకరి పక్షాన నిలిచిన తీరు కనిపించకుండా పోతాయి.

మీకు ఏం తెలుస్తోందో కూడా రాసుకోండి. లెడ్జర్ తెరిస్తే పక్క దేశాల సైన్యం, ఆదాయం వరసగా కనిపిస్తాయి. ఆజ్ఞ ఇచ్చిన క్షణంలో అక్కడి సైన్యం కదులుతుంది. అమెరికా, బ్రిటన్ 1814 డిసెంబర్ 24న ఘెంట్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆ కబురు సముద్రం దాటి రాకముందే, 1815 జనవరి 8న, న్యూ ఆర్లియన్స్ దగ్గర రెండు సైన్యాలూ పెద్ద యుద్ధం చేశాయి. అలాంటిది ఈ గేమ్‌లలో జరగడానికి వీల్లేదు.

ఇక శిస్తు సంగతి. అక్బరు కాలంలో రాజా తోడర్‌మల్ భూమిని కొలిపించి, పదేళ్ల పంటల్ని, ధరల్ని చూసి సగటు కట్టించిన పద్ధతి 1580 ప్రాంతంలో అమల్లోకి వచ్చింది. దానివెనక కొలిచేవాళ్లు, రాసేవాళ్లు, వాళ్లు రాసినదాన్ని తనిఖీ చేసేవాళ్లు ఉన్నారు. అయినా రాజ్యమంతటా అదే పద్ధతి పెట్టలేకపోయారు. తన భూమిలో ఏముందో తెలుసుకోవడం ఒక రాజ్యానికి తరాలు పట్టే పని. యుద్ధాల కన్నా ఎక్కువ ఖర్చు, ఓపిక అడిగే పని. యూరోపా 4 దాన్ని మొదటి రోజే ఉచితంగా ఇచ్చేస్తుంది. ఈ లోపం కంపెనీ గుర్తించినట్టే ఉంది. 2025లో వచ్చిన యూరోపా 5లో కంట్రోల్ అనే లెక్క పెట్టారు. రాజధానికి దూరమయ్యేకొద్దీ అది తగ్గిపోతుంది, దాంతోపాటు మీ చేతికొచ్చే ఆదాయమూ తగ్గుతుంది. నన్నడిగితే కొత్త గేమ్‌లోని మార్పులన్నిటిలో చరిత్రకు దగ్గరగా వచ్చింది ఇదే.

ఇక్కడ మీరు చేయదగ్గ పని ఒకటుంది. ఒక ఆట మొత్తం లెడ్జర్ తెరవకుండా ఆడండి. రాజధానికి దూరంగా ఉన్న సైన్యానికి ఆజ్ఞ ఇవ్వాలనుకున్నప్పుడు దాన్ని కాగితం మీద రాసి, గేమ్‌లో రెండు నెలలు గడిచాకే అమలు చేయండి. ఎంత టెన్షన్‌గా ఉంటుందో, సరిహద్దులో నమ్మకమైన మనిషి ఉండటం ఎంత అవసరమో అప్పుడు తెలిసొస్తుంది.

వంశం అనే నియమాన్ని పరీక్షించడం

క్రూసేడర్ కింగ్స్ 3ను నేను పరీక్షించేది ఒకే ఒక్క కథతో. వేంగిని ఏలిన తూర్పు చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడి భార్య అమ్మంగదేవి మొదటి రాజేంద్ర చోళుడి కూతురు. వాళ్ల కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. తండ్రివైపు చాళుక్యుడు. అయినా చోళ రాజుగానే ఏలాడు, చోళ రాజుల పరంపరలోనే చేరాడు. చోళ రాజ్యం అతని కింద మరో యాభై ఏళ్లు నిలబడింది.

ఇదే గేమ్‌లో జరిగితే? మామూలు పెళ్లిలో పుట్టిన పిల్లలు తండ్రి వంశానికి చెందుతారు. చోళ రాజుగా మీరు ఆడుతుంటే, మీ వంశంలో వారసుడు లేక కూతురి కొడుకో మనవడో గద్దెనెక్కితే మీ ఆట అక్కడితో ముగుస్తుంది. చరిత్రలో కొనసాగింపు అయినది గేమ్‌లో ఓటమి. ఆ కాలపు మనుషులు వారసత్వాన్ని ఎలా చూశారో, కుర్రవాడిని ఏ పేరుతో ఏ పరంపరలో కలుపుకున్నారో అదంతా వాళ్ల రాజకీయం. గేమ్ దాన్ని పుట్టుకతో తేలిపోయే విషయంగా మార్చింది. మీకు తెలిసిన ప్రాంతంలో ఇలాంటి వారసత్వ కథ ఒకటి వెతికి, గేమ్ నియమాల్లో పెట్టి చూడండి. అది ఇమడకపోతే ఎక్కడ ఇమడలేదో రాసుకోండి. యూరప్ భూస్వామ్య పద్ధతిని మిగతా ఖండాల మీద ఎక్కడెక్కడ పరిచారో ఆ చోట్లే చెబుతాయి.

అంకెలు ఏం నేర్పుతున్నాయో చూడండి

ప్రతి గేమ్‌లోనూ చవకైన పని, ఖరీదైన పని ఉంటాయి. వాటి తేడాయే ఆ గేమ్ చరిత్ర సిద్ధాంతం. యూరోపా 4లో పాయింట్లు ఖర్చుపెట్టి బటన్ నొక్కితే ప్రావిన్స్ అభివృద్ధి అక్కడికక్కడే పెరుగుతుంది. కొత్తగా మనుషులు రాలేదు, చెరువు తవ్వలేదు, అడవి కొట్టలేదు. ఆటగాళ్లు ఈ పాయింట్లను మానా (మంత్రశక్తి) అని విసుక్కునేది అందుకే. యుద్ధంలో పోయిన సైనికబలం సున్నాకు పడినా పదేళ్లలో మళ్లీ నిండుతుంది. 1618 నుంచి 1648 దాకా సాగిన ముప్పై ఏళ్ల యుద్ధంలో జర్మన్ ప్రాంతాలు కొన్నిటిలో జనాభా సగానికి పైగా తగ్గిపోయింది. గేమ్‌లో యుద్ధం నడిచిన ప్రావిన్స్‌కు విధ్వంసం అనే శాతం పెరుగుతుంది. శాంతి వచ్చాక అది మెల్లగా తగ్గిపోతుంది. తగ్గాక ఏ గుర్తూ మిగలదు. అక్కడ చనిపోవడానికి మనుషులే లేరు మరి.

విక్టోరియా 3 ఈ విషయంలో ఎంతో మెరుగు. 1836 నుంచి 1936 దాకా నడిచే ఆ గేమ్‌లో జనాభా అంతా వృత్తి, సంస్కృతి, మతం వారీగా గుంపులుగా ఉంటుంది. వాళ్లు కొనే సరుకుల ధర పెరిగితే జీవన ప్రమాణం పడిపోతుంది. భూస్వాముల బలం ఎక్కువగా ఉన్నప్పుడు వాళ్లకు నచ్చని చట్టం తేబోతే అంతర్యుద్ధం దాకా పోతుంది. సంస్కరణలు ఎందుకు ఆలస్యమవుతాయో ఈ గేమ్ చూపించినంత బాగా మరేదీ చూపించలేదని నా నమ్మకం. అయినా అక్కడా ఒక గీత ఉంది. ఆఫ్రికా లోపలి ప్రాంతాల్లో చాలా సమాజాల్ని వికేంద్రీకృత దేశాలని పేరుపెట్టి, వాటిని ఎవరూ ఆడటానికి వీల్లేకుండా చేశారు. అవి ఉన్నది ఎవరో వచ్చి వలస ప్రాంతంగా మార్చుకోవడానికే.

మంచి నియమం ఒకటి చేరితే చరిత్ర ఎలా తెరుచుకుంటుందో చెప్పడానికి హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 చమురే ఉదాహరణ. 2016లో విడుదలైనప్పుడు చమురు ఆయుధాల తయారీకి మాత్రమే కావాల్సివచ్చేది. 2019లో ఇంధనం అనే లెక్క చేర్చాక ఓడలు, విమానాలు, ట్యాంకులు కదిలితే ఖర్చవడం మొదలైంది. 1941లో అమెరికా చమురు ఆపేశాక జపాన్ దక్షిణానికి ఎందుకు దూకిందో ఆ తర్వాత జపాన్ ఆడిన ప్రతివాడికీ నిల్వల మీటర్ చూస్తుంటేనే అర్థమవుతుంది. ఒక్క అధ్యాయం చదివించకుండా నేర్పింది. అందుకే ఏ గేమ్‌ను ఏ వెర్షన్‌లో పరీక్షించారో తప్పకుండా రాసిపెట్టుకోండి.

ఫైళ్లు తెరిచి చదవండి

గేమ్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లో హిస్టరీ, కామన్, ఈవెంట్స్ అనే ఫోల్డర్లుంటాయి. లోపలివన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లు, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు.

ముందుగా యూరోపా 4లో కామన్ లోపలి ట్రేడ్‌నోడ్స్ ఫైల్ తెరవండి. ప్రతి వర్తక కేంద్రానికీ అవుట్‌గోయింగ్ అనే పదం పక్కన సరుకు విలువ ఎటు పోతుందో రాసి ఉంటుంది. జాంజిబార్ నుంచి కేప్‌కు (ఆఫ్రికా దక్షిణ కొసకు), కేప్ నుంచి ఐవరీ కోస్ట్‌కు, అక్కడి నుంచి సెవిల్లాకో ఇంగ్లిష్ చానల్‌కో. ఇంగ్లిష్ చానల్, జెనోవా, వెనిస్‌ల దగ్గర అవుట్‌గోయింగ్ లేదు. ప్రపంచపు వర్తకమంతా చివరికి చేరేది ఆ మూడు చోట్లకే. మీరు మింగ్ చైనా అయినా, విజయనగరం అయినా, ఎంత నౌకాబలం కట్టినా ఆ బాణాలు తిరగవు.

నిజంగా జరిగిందేమిటి? 1545లో దక్షిణ అమెరికాలో పొటోసీ వెండి గనులు బయటపడ్డాయి. 1571లో స్పానిష్‌వాళ్లు మనీలాను స్థావరం చేసుకున్నాక మెక్సికో రేవు అకపుల్కో నుంచి ఓడలు వెండితో అక్కడికి వచ్చేవి, చైనా పట్టుతో తిరిగి వెళ్లేవి. యూరప్ మీదుగా వచ్చిన వెండి కూడా మిరియాలకు, నూలు బట్టలకు బదులుగా ఆసియాకే చేరేది. రెండు వందల ఏళ్లకు పైగా యూరప్ వర్తకుల తలనొప్పి ఇదే: ఆసియాలో అమ్మడానికి వాళ్ల దగ్గర వెండి తప్ప పెద్దగా ఏమీ లేదు. కోరమాండల్ తీరంలో నేసిన బట్టలు ఆగ్నేయాసియాలో సుగంధ ద్రవ్యాలు కొనడానికి డబ్బులా పనికొచ్చేవి. 1444 మ్యాప్ మీద గీసిన ఆ బాణాలు 19వ శతాబ్దపు ఫలితాన్ని నాలుగు వందల ఏళ్ల ముందే నిర్ణయించేశాయి. ఈ గేమ్‌లో నాకు కనిపించిన అతిపెద్ద చరిత్ర దోషం ఇదే. తప్పు రాజుల పేర్లన్నీ కలిపినా దీనికి సాటి రావు.

తర్వాత హిస్టరీ లోపలి ప్రావిన్సెస్‌లో అమెరికాకు చెందిన ఫైల్ ఏదైనా చూడండి. యజమాని పేరు లేనిచోట నేటివ్ సైజ్, నేటివ్ ఫెరాసిటీ, నేటివ్ హోస్టైల్‌నెస్ అన్న మూడు వరుసలు కనిపిస్తాయి. ఎంతమంది ఉన్నారు, ఎంత భీకరంగా పోరాడతారు, ఎంత తరచుగా దాడిచేస్తారు. అక్కడ బతికిన జనం గురించి గేమ్ తెలుసుకోదలిచింది ఆ మూడే. తర్వాతి ప్యాచ్‌లలో ఆడదగ్గ స్థానిక తెగలు చాలా చేర్చారు. ఆ మూడు వరుసలు మాత్రం మిగతా ప్రావిన్సులలో అలాగే ఉన్నాయి.

లేనివాటి జాబితా

దీనికి విడిగా ఒక పేజీ కేటాయించండి. అన్నిటికన్నా కష్టమైన పేజీ ఇదే.

యూరోపా 4లో పశ్చిమాఫ్రికా ప్రావిన్సులు కొన్నిటిలో బానిసలు ఒక సరుకు. దానికి ధర ఉంటుంది, విలువ బాణం వెంట పోతుంది. అట్లాంటిక్ మీదుగా ఓడల్లోకి ఎక్కించిన మనుషులు సుమారు కోటీ 25 లక్షలమంది అని చరిత్రకారుల లెక్క. గేమ్‌లో ఎగుమతి చేసిన ప్రావిన్స్‌లో ఒక్కరూ తగ్గరు, దిగుమతి చేసుకున్నచోట ఒక్కరూ చేరరు. లవంగాలకూ వాళ్లకూ నియమాల్లో తేడా దాదాపు లేదు.

హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4లో స్వస్తిక లేదు, యూదుల మారణహోమం లేదు. ఆ మారణహోమాన్ని ఆటగాడు నొక్కే బటన్‌గా పెట్టకూడదన్న నిర్ణయాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. కానీ బటన్ లేకపోవడం వేరు, ఆనవాలే లేకపోవడం వేరు. జర్మన్ల చేతికి చిక్కిన సోవియట్ యుద్ధఖైదీలు సుమారు 57 లక్షలమందిలో దాదాపు 33 లక్షలమంది చనిపోయారు. తూర్పు యూరప్ యుద్ధం ఎందుకలా సాగిందో, ఆక్రమిత ప్రాంతాల్లో ప్రతిఘటన ఎందుకు అంతగా పెరిగిందో దీన్ని వదిలేసి చెప్పలేం. గేమ్‌లో మిగిలేది డివిజన్లు, ఫ్యాక్టరీలు, బాణాలు. దాంతో నాజీ జర్మనీ కేవలం మంచి ట్యాంకులున్న దేశంగా కనిపిస్తుంది. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు ఈ గేమ్‌తోనే ఆ యుద్ధాన్ని మొదటిసారి కలుస్తున్నారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. 1943 బెంగాల్ కరువులో 20 నుంచి 30 లక్షలమంది చనిపోయారు. ఓడల కేటాయింపు, బియ్యం సేకరణ, ధరలు, యుద్ధకాలపు నిర్ణయాలు అన్నీ కలిసిన విషాదం అది. గేమ్‌లో ఓడలు ఎటు పంపాలన్న నిర్ణయం మీదే అయినా, దాని మూలంగా ఆకలితో పోయేవాళ్లను లెక్కించే గడి మాత్రం లేదు.

తప్పదా, తప్పించొచ్చా?

లోపం దొరికిన ప్రతిచోటా కోపగించుకోవడం న్యాయం కాదు. కొన్ని లేకపోతే ఆట ఆడలేం. కబుర్లు రెండు నెలలు ఆలస్యమయ్యే గేమ్‌ను నేను సరదాగా ఆడతాను, చాలామంది ఆడరు. కాబట్టి ప్రతి లోపం పక్కనా ఒక ప్రశ్న రాయండి: దీన్ని మారిస్తే గేమ్ ఆగిపోతుందా? వర్తక బాణాల విషయంలో జవాబు దొరికింది. యూరోపా 5లో స్థిరమైన బాణాలు తీసేసి మార్కెట్లు, సరుకుల గిరాకీతో నడిచే పద్ధతి పెట్టారు. అంటే పాతది తప్పనిసరి కాదు, అప్పటికి ఎంచుకున్న దారి. చావులేని రాజ్యం సంగతి వేరు. ఆటగాడు ఎవరో ఒకరిగా ఉండక తప్పదు. దాన్ని తీసేయలేం, గుర్తుంచుకోగలం.

చివరికి మీ నోట్స్ అంతా ఒక్క వాక్యంలోకి తెచ్చుకోండి. యూరోపా 4కు నేను రాసుకున్నది ఇది: ఈ గేమ్ ప్రకారం రాజ్యాలు గెలిచేది కేంద్రం తెలివిగా పాయింట్లు ఖర్చుపెట్టడం వల్ల. ఆ వాక్యానికి సరిపడని ఉదాహరణ మీరు చదివిన చరిత్ర పుస్తకంలో వెతకండి. దొరికితే గేమ్‌ను ఎక్కడ నమ్మకూడదో మీకు తెలిసిపోయినట్టే.

మార్చి నడిపి చూడండి

అసలు ఫైళ్లలో చెయ్యి పెట్టకండి. అప్‌డేట్ వస్తే మీ మార్పులు చెరిగిపోతాయి. డాక్యుమెంట్స్‌లో గేమ్ పేరుతో ఉండే ఫోల్డర్‌లోని మోడ్ (ఆటగాళ్లు చేసుకునే మార్పులు) ఫోల్డర్‌లో కాపీ పెట్టుకుని, లాంచర్‌లో దాన్ని ఆన్ చేయండి. ఇలాంటి మార్పులతో చెక్‌సమ్ (ఫైళ్లు మారాయో లేదో గేమ్ చూసుకునే గుర్తు) మారిపోతుంది కాబట్టి అచీవ్‌మెంట్లు రావు. పరీక్షకు అవి అక్కర్లేదు. మొదట చిన్నది మార్చండి, ఒక ప్రావిన్స్ పన్ను విలువో, నేటివ్ సైజో. అది మ్యాప్‌లో కనిపిస్తోందని ఖాయం చేసుకున్నాక ట్రేడ్‌నోడ్స్ ఫైల్‌కు వెళ్లండి. కేప్ దారిలోని బాణాలను తూర్పుకు తిప్పాలంటే ప్రతి మలుపు దగ్గరా అవుట్‌గోయింగ్ మార్చాలి, ఎక్కడా బాణాలు గుండ్రంగా తిరిగి మొదటికి రాకూడదు. ఆ గేమ్ వర్తకంలో చుట్టు తిరిగే దారిని ఒప్పుకోదు. అందుకే మిరియాలు పడమరకు, వెండి తూర్పుకు ఒకేసారి పోయే ప్రపంచాన్ని మోడ్‌తోనూ కట్టలేరు. ఏదో ఒక దిక్కు ఎంచుకోవాలి. తూర్పును ఎంచుకుని, లక్కీ నేషన్స్ తీసేసి, స్పెక్టేటర్ పెట్టి 1700 దాకా నడవనివ్వండి. ఆ మ్యాప్‌ను మొదట తీసిన స్క్రీన్‌షాట్ల పక్కన పెట్టి, ఇంగ్లండ్, పోర్చుగల్, కాస్టిల్ ఆదాయాలు ఎంత మారాయో లెడ్జర్‌లో చూసి, వెర్షన్ నంబరుతో సహా రాసుకోండి.